రాక్‌కి ఎర్తు, మాకు రబ్బరు చెప్పులు

ఈ ఫిర్యాదు ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియక పాఠకుల ముందు పెడుతున్నాను. ట్రెజరీలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ఫిర్యాదన్నాక ప్రతివాది వివరాలు, వరసగా అభ్యంతరాలు, ఆఖర్న కోరిక ఉండాలని తెలిసినవాణ్ణి. అందుచేత ఆవేశపడను. మా స్టోరు గదిని ఆక్రమించి, అద్దె మాట ఎత్తకుండా, ఇంట్లో మనుషులకు ఏనాడూ జరగని మర్యాదలన్నీ రాతపూర్వకంగా అడిగి మరీ చేయించుకుంటున్న ఒక ఇనప బీరువా మీద నా అభ్యంతరాలను ఉన్నవి ఉన్నట్టు మనవి చేసుకుంటాను.

ప్రతివాది పేరు రాక్. లోపల బిగించే సామాను వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును అడుగుల్లోనూ మీటర్లలోనూ చెప్పరు, 'యూ'ల్లో చెబుతారు. ఒక యూ అంటే అంగుళం ముప్పావు. మా ఇంట్లో వెలిసింది 24 యూలది. మావాడు నెట్‌వర్క్ ఇంజనీరు, ఇంటి నుంచే పని. కొత్త ప్రయోగాలు ఆఫీసు యంత్రాల మీద చేస్తే ఉద్యోగం ఊడుతుంది కనక ఇంట్లో చేసుకోవాలట. అందుకోసం సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన స్విచ్‌లు, రూటర్లు ఒక్కొక్కటే తెచ్చి అందులో బిగించాడు. అన్నీ కలిపి సుమారు 200 వాట్లు లాగుతాయి. రాత్రీ పగలూ ఆగవు. అంటే రోజుకు 4.8 యూనిట్లు, నెలకు 144. బిల్లులో శ్లాబు మారింది. బిల్లు కట్టేది మాత్రం మారలేదు, నేనే.

మొదటి అభ్యంతరం ప్లగ్గుల గురించి. మా గోడల్లో రెండే రకాల సాకెట్లున్నాయి. టీవీకి, మిక్సీకి 6 ఆంపియర్లది. గీజరుకు, ఏసీకి 16 ఆంపియర్లది. ఇన్నేళ్ళూ సంసారం ఈ రెండింటితోనే సాగింది. ఈ బీరువాలో సామానుకు ఇవి చాలవు. వాటి వీపున ఉండే కన్నం సీ-14, అందులో దూరే వైరు మూతి సీ-13, అది 10 ఆంపియర్ల దాకా. కాస్త బలిసిన యంత్రమైతే కన్నం సీ-20, మూతి సీ-19, అది 16 ఆంపియర్లకు. వీటన్నిటినీ వరసగా గుచ్చడానికి నిలువుగా ఒక పట్టీ, దాని పేరు పీడీయూ. చూడ్డానికి మన స్పైక్‌బస్టరే. ధర చూస్తే మాత్రం కాదు. "బజార్లో మూడొందలకి దొరుకుతుంది కదరా" అన్నాను. మావాడు నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

రెండో అభ్యంతరం ఇంతకంటే తీవ్రమైనది. ఒక్కో స్విచ్‌కు రెండేసి పవర్ సప్లైలు. ఒకటి పోతే రెండోది మొత్తం భారం మోస్తుందట. రెండిటికీ రెండు వైర్లు. ఆ రెండు వైర్లూ ఒకే పట్టీలో గుచ్చకూడదు, ఒకే ఎమ్‌సీబీ మీద ఉండకూడదు. ఒకటి 'ఏ' లైను, అది యూపీఎస్ మీంచి రావాలి. రెండోది 'బీ' లైను, అది వేరే సర్క్యూట్ నుంచి రావాలి. వైర్లు తారుమారు కాకుండా ఏ లైనుకు ఎర్రవి, బీ లైనుకు నల్లవి, పైగా ఒక్కోదానికి రెండు కొసలా చీటీలు. ఇంతటితో అయిందా? ఏ పట్టీ మీదా దాని శక్తిలో 40 శాతానికి మించి భారం వేయకూడదట. ఎందుకంటే ఒక పట్టీ చచ్చిపోతే దాని బరువంతా రెండోదాని నెత్తిన పడుతుంది. అప్పుడు 80 అవుతుంది, ఇంకా ఊపిరాడుతుంది. సగం కన్నా ఎక్కువ మోస్తున్న పట్టీలు రెండుంటే ఒకటి పోయిన మరుక్షణం రెండోదీ పోతుందని లెక్క వేసి చూపించాడు. లెక్క సరిగానే ఉంది. నా బాధ లెక్కతో కాదు. మా వంటింట్లో ఒకే బోర్డు మీద మిక్సీ, గ్రైండరు, ఓవెను, నీళ్ళ ఫిల్టరు ఒకదానిమీద ఒకటి ఎక్కి బతుకుతున్నాయి. సంక్రాంతికి అరిసెల పిండి పట్టే రోజున మా ఆవిడ దేన్ని ఆపి దేన్ని వేయాలో మనసులో లెక్క కట్టుకుంటుంది. ఆవిడకు బీ లైను లేదు.

"రెండు లైన్లూ మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచే కదా వస్తున్నాయి, అది పేలితే ఏ పోదా, బీ పోదా?" అని అడిగాను. ఒక్క క్షణం ఆగి, "అందుకే కదా నాన్నా యూపీఎస్" అన్నాడు. అంటే ఆఖరికి నమ్ముకున్నది బ్యాటరీనే. మా హాల్లో ఇన్వర్టరుకూ బ్యాటరీ ఉంది. దానికి నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసేది నేనే. దాన్ని ఎవరూ ఏ అని పిలవలేదు.

మూడో అభ్యంతరం వైర్ల ఆచారం గురించి. కరెంటు వైర్లు, ఇంటర్నెట్ వైర్లు ఒకదాన్నొకటి తాకకూడదు. ఒకే గొట్టంలో పోకూడదు. పక్కపక్కన పోవలసి వస్తే మధ్యన ఎడం ఉండాలి; దాటక తప్పకపోతే అడ్డంగా, సరిగ్గా లంబకోణంలో దాటి వెళ్ళిపోవాలి. ఎక్కువ దూరం పక్కపక్కనే నడిస్తే కరెంటు వైరులోని రొద డేటా వైరుకు అంటుకుంటుందట. మా బామ్మ మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్ళేప్పుడు కూడా ఇంత ఎడం పాటించలేదు. బామ్మ మడిని చాదస్తమన్న కుర్రకారే ఇవాళ స్కేలు పెట్టి దూరం కొలుస్తున్నారు.

ఇక అసలు కేసుకు వస్తాను. పై మూడూ ఉపోద్ఘాతమే.

రిటైరైనవాడికి చదవడానికి ఏదో ఒకటి ఉండాలి కనక ఆ స్విచ్‌తో వచ్చిన మాన్యువల్ చదివాను. ఎలా ఆన్ చేయాలో చెప్పడానికి ముందు పేజీలకు పేజీలు హెచ్చరికలే. ప్రపంచంలో చాలా భాషల్లో ఉన్నాయి, తెలుగులో లేవు. సారాంశం ఒక్కటే: ఎర్తు లేకుండా నన్ను నడపకండి. బిగించేటప్పుడు ముందు ఎర్తు వైరు బిగించాలి. విప్పేటప్పుడు ఆఖర్న విప్పాలి. ఎర్తు ఉందో లేదో అనుమానమొస్తే తెలిసినవాణ్ణి పిలిచి చూపించుకోవాలి. ఒక యంత్రం తన ప్రాణం గురించి, తనను ముట్టుకునేవాడి ప్రాణం గురించి ఇంత పట్టుదలగా రాయించుకోవడం చూసి నాకు ఈర్ష్య కలిగింది. మా గీజరుతో కూడా ఓ పుస్తకం వచ్చే ఉంటుంది. బిగించినవాడు అట్టపెట్టెతోపాటు దాన్నీ పట్టుకుపోయాడు.

ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చాడు. హోల్డరుకు రెండు వైర్లు కట్టిన బల్బు తీశాడు. సాకెట్టులో ఒక వైరు ఫేజులో, రెండోది న్యూట్రల్‌లో పెడితే బల్బు భేషుగ్గా వెలిగింది. న్యూట్రల్‌లోది తీసి పైన ఉన్న పెద్ద కన్నంలో పెట్టాడు. వెలగలేదు. పక్క బోర్డులో పెట్టాడు, వెలగలేదు. వంటింట్లో, బాత్‌రూములో, ఎక్కడా వెలగలేదు. బోర్డు విప్పి చూస్తే ఆకుపచ్చ వైరు ఉంది. ప్రతి బోర్డులోనూ ఉంది, కొత్తగా నిగనిగలాడుతూ ఉంది. దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ కింద మీటర్ల గదికి వెళ్ళాం. ఫ్లాట్లన్నిటి ఆకుపచ్చ వైర్లూ అక్కడికి గుత్తిగా దిగాయి. నేలకు నాలుగడుగుల ఎత్తున వాటిని సాపుగా కత్తిరించి, కొసలకు శ్రద్ధగా టేపు చుట్టి వదిలేశారు. వైరు కొన్నారు, గోడలు తొలిచారు, ప్రతి బోర్డుకూ బిగించారు, ఆఖరి నాలుగడుగులూ మానేశారు. అపార్టుమెంటు కట్టినవాళ్ళ బ్రోచర్‌లో అప్పట్లో ఇటాలియన్ మార్బుల్ గురించి ఒక పేజీ ఉన్నట్టు గుర్తు.

మూడు పిన్నుల ప్లగ్గులో ఆ పై పిన్ను మిగతా రెండిటికన్నా పొడుగ్గా, లావుగా ఎందుకుంటుందో మావాడు అప్పుడు చెప్పాడు. గుచ్చేటప్పుడు అందరికన్నా ముందు అది తగలాలి, లాగేటప్పుడు అందరికన్నా చివర అది వదలాలి. అంటే కరెంటు రాకముందే ఎర్తు రావాలి, కరెంటు పోయాకే ఎర్తు పోవాలి. మాన్యువల్‌లో పేజీలకు పేజీలు రాసిన సంగతే పిన్ను పొడుగులో ఉంది. మా ఇంట్లో ఆ పిన్ను అంత పొడుగునా గోడలోకి దూరి ఏమీ లేని చోటును తాకి వస్తోంది.

ఎర్తు లేని యంత్రం ఏం చేస్తుందో మీటరు పెట్టి చూపించాడు. రాక్‌లో ఒక స్విచ్ ఆన్ చేసి, దాని ఇనప ఒంటికీ, నేలలోంచి వచ్చే కుళాయి గొట్టానికీ మధ్య వోల్టేజి కొలిచాడు. 110 చూపించింది. 230లో సుమారు సగం. ఇలాంటి ప్రతి పవర్ సప్లైలోనూ ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఒంటికి కలిపి ఉంటాయట. లోపలి రొదను ఎర్తులోకి దింపడం వాటి పని. ఎర్తే లేకపోతే ఆ రెండూ ఒంటిని చెరోవైపు లాగి మధ్యలో నిలబెడతాయి. కరెంటు చాలా తక్కువ, చంపదు, జివ్వుమనిపిస్తుంది. ఆ జివ్వు మాకు కొత్త కాదు. వాషింగ్ మెషీను ముట్టుకుంటే జివ్వు, ఫ్రిజ్ తలుపు తీస్తే జివ్వు. మా ఆవిడ ఆ రెండిటి ముందూ ఒక జత రబ్బరు చెప్పులు శాశ్వతంగా పెట్టింది. రిపేరుకు వచ్చిన ప్రతివాడూ "ఎర్తు ప్రాబ్లమ్ మేడమ్" అని విజిటింగ్ చార్జీ పుచ్చుకుని పోయినవాడే. ఇంటావిడకు జివ్వుమన్నంత కాలం అది ఎర్తు ప్రాబ్లమ్. రాక్‌కు జివ్వుమనగానే అది అత్యవసర పరిస్థితి.

కుర్రాడు ఒక పరిష్కారం చెప్పాడు. "ఎందుకు సార్ అంత ఖర్చు? సాకెట్టు లోపలే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకి చిన్న లూపు ఏసేస్తా. బల్బు ఎలుగుద్ది." నిజమే, వెలుగుతుంది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి రెండు వోల్టులు దాటకూడదని యూపీఎస్ బిగించేవాళ్ళు అడుగుతారే, అదీ సున్నా చూపిస్తుంది. పరీక్షలన్నీ ఫస్టు క్లాసులో పాస్. వంద రూపాయల్లో తేలిపోయే పని అని నేను సంతోషించేలోగా మావాడు స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. ఏదో ఒకనాడు న్యూట్రల్ వైరు ఎక్కడో తెగితే, లోపలికి వచ్చిన ఫేజు యంత్రాల గుండా న్యూట్రల్‌కు ఎక్కి, ఆ లూపు మీంచి ప్రతి యంత్రం ఒంటి మీదికీ వస్తుంది. అప్పుడు జివ్వు కాదు, పూర్తి 230. ఊళ్ళో ఎన్ని ఇళ్ళ గోడల్లో ఇలాంటి వంద రూపాయల ఎర్తులు దాక్కుని ఉన్నాయో ఆ కుర్రాడు చెప్పగలడు. నేను అడగలేదు, రాత్రి నిద్ర పట్టాలి కదా.

కనక నేల తవ్వాలి. ఎలా తవ్వాలో ఐ.ఎస్. 3043 అనే ప్రమాణంలో ఉంది. 1987లో ఒకసారి, 2018లో మళ్ళీ సవరించారు. ఎర్తింగు చేసి తీరాలన్న మాట 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులోనే ఉంది. అంటే రాయడంలో లోటు లేదు. రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపి, పైన నీళ్ళు పోయడానికి గరాటు వదలాలి. తడిగా ఉన్నంతకాలం నేల కరెంటును తీసుకుంటుంది. నేను పుట్టిన గుంటూరు జిల్లా నల్లరేగడిలో అయితే ఇది పూట పని. హైదరాబాదు కూర్చున్నది గ్రానైటు రాతి మీద. అయిదడుగులు దిగేసరికి గునపం ఖంగుమంది. ఆ రాయికి కరెంటును పుచ్చుకోవడం ఇష్టముండదు.

ఇంతకుముందే అసోసియేషన్ మీటింగు ఒకటి జరిగింది. చోటున్నది ఈశాన్యంలో. ఈశాన్యంలో గొయ్యి తవ్వి బొగ్గులు పోస్తారా అని మూడో అంతస్తు పెద్దమనిషి లేచారు. నీళ్ళ సంపు అక్కడే ఉంది కదా అంటే అది నీరు, ఇది నిప్పు అన్నారు. చివరకు వాయవ్యం ఖాయమైంది. పని సాయంత్రం దాకా సాగింది. చీకటి పడ్డాక కుర్రాడు సెల్‌ఫోను వెలుగులో గోతిలో ఉప్పు చల్లి, బొగ్గులు పరిచి, మళ్ళీ ఉప్పు చల్లుతుండగా రెండో అంతస్తువాళ్ళ అత్తగారు బాల్కనీలోంచి చూశారు. దురదృష్టవశాత్తు ఆ రోజు అమావాస్య. తెల్లారేసరికి నేను ఎవరికి చేతబడి చేయిస్తున్నానన్న విషయమై అపార్టుమెంటులో రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. వాచ్‌మన్ ఆ చోట వాకిలి ఊడవడం మానేశాడు.

ఎర్తు మెగ్గర్ పెట్టి కొలిస్తే 11 ఓమ్‌లు. ఎలక్ట్రీషియన్లంతా జపించే అంకె ఒకటి. 11 ఉంటే ఏమవుతుందో లెక్క నేనే వేశాను. ఫేజు తెగి గీజరు ఒంటికి తగిలిందనుకోండి, 230ని 11తో భాగిస్తే 21 ఆంపియర్లు నేలలోకి పారతాయి. మా మెయిన్ ఎమ్‌సీబీ 32 ఆంపియర్లది. ఈ ఇంట్లో ఇవాళ రెండు గీజర్లు వేసుకున్నారు కాబోలు అనుకుని అది నిద్రపోతుంది. అందుకని కాంపౌండు గోడ వెంట కందకం తవ్వి జీఐ పట్టీ పరిచి దీనికి కలిపారు. రాతినేలలో లోతుకు పోలేనప్పుడు పొడుగ్గా పోవాలట. రీడింగు మూడుకు దిగింది. దాన్నీ నమ్మకుండా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టారు. ఫేజులో వెళ్ళిందీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ టాలీ కాకపోతే అది వెంటనే కొట్టేస్తుంది. పదవిలో ఉండగా నాకు ఇలాంటి అసిస్టెంటు ఒక్కడూ దొరకలేదు.

ఆ అసిస్టెంటు మొదటి రాత్రే రెండుసార్లు కొట్టేశాడు. షార్టు ఎక్కడా లేదు. ఆ కెపాసిటర్లు గుర్తున్నాయి కదా, ఒక్కో యంత్రం నుంచి కాస్త కాస్త కరెంటు ఎర్తులోకి జారుతుంది. ఎర్తు లేనంత కాలం దారిలేక ఆగింది, దారి ఇవ్వగానే బయలుదేరింది. ఒక్కోదానికి మూడున్నర మిల్లీ ఆంపియర్ల దాకా అనుమతి ఉంది. ఏ ఒక్కటీ హద్దు దాటలేదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అన్నీ కలిసి దాటాయి. ఎవర్నీ దోషి అనలేం, దీపాలు మాత్రం ఆరిపోతాయి. ఆఖరికి రాక్‌కు విడిగా ఒక ఆర్‌సీసీబీ పెట్టి వేరు కాపురం ఏర్పాటు చేశారు.

తర్వాత రాక్ ఒంటికి విడిగా ఎర్తు కట్టే ఉత్సవం. కొత్తగా రంగు వేయించి తెచ్చిన బీరువాను మొట్టమొదట సాండ్‌పేపరుతో గీకారు. రంగు కరెంటును పోనివ్వదట. లోహం లోహాన్ని తాకాలి. పెయింటును కొరుక్కుని లోపలికి దిగే పళ్ళ వాషర్లు, రెండు బోల్టులతో బిగించే రాగి లగ్గు, ఒకటైతే తిరిగి వదులవుతుందని. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఆకుపచ్చ మీద పసుపు చార. తలుపులు కీళ్ళ మీద తిరుగుతున్నాయి కదా అంటే, కీళ్ళను నమ్మకూడదని తలుపు తలుపుకూ విడిగా ఒక వైరు. ఇక మావాడు కార్డు ముట్టుకోబోయే ముందు మణికట్టుకు నల్లపట్టీ కట్టుకుని దాని కొస రాక్‌కు తగిలిస్తాడు, ఒంట్లోని స్థిరవిద్యుత్తు దిగిపోవడానికి. వాళ్ళమ్మ తిరుపతి నుంచి తెచ్చిన కాశీతాడు మాత్రం చెయ్యి దురద పెడుతుందని తీసేశాడు.

ఇంతవరకు జరిగినదంతా రాక్ కోసమే. మావాడి మొదటి ఆలోచన కూడా ఈ గొయ్యి రాక్‌కు మాత్రమే విడిగా ఉండాలనే. అడ్డుపడింది పని చూడటానికి వచ్చిన పెద్ద మేస్త్రి. ఒక ఇంట్లో ఒకదానికొకటి కలపని రెండు ఎర్తులు ఉండకూడదన్నాడు. పిడుగు పడిన రోజు రెండు ఎర్తులు రెండు వోల్టేజీల మీద నిలబడతాయి. వాటి మధ్య నడిచే ఇంటర్నెట్ వైరే ఆ తేడాను మోయాల్సి వస్తుంది, కొసలనున్న యంత్రాలు మాడిపోతాయి. కాబట్టి రాక్ బాగుండాలంటే ఇంట్లో ప్రతి ఎర్తూ ఒకే రాగి బద్దకు రావాలి. అలా వచ్చింది మా ఆకుపచ్చ వైర్లకు మోక్షం. నాలుగడుగుల వైరు, రెండు లగ్గులు, పావుగంట పని. ఆ పూట నుంచి వాషింగ్ మెషీను జివ్వుమనడం మానేసింది.

నా ఫిర్యాదు సరిగ్గా ఇక్కడే. మాకు ఎర్తు వచ్చింది మా కోసం కాదు. రాక్‌కు ముప్పు రాకూడదని మమ్మల్ని కూడా కలిపారు. యంత్రం నోరు తెరిచి అడిగింది, రాసి అడిగింది, ఇవ్వకపోతే నడవనంది. మనం ఫ్లాటు కొనేటప్పుడు ఈశాన్యం అడుగుతాం, కార్ పార్కింగు అడుగుతాం, మంజీరా నీళ్ళు వస్తాయా అని అడుగుతాం. ఎర్తు పిట్టు ఎక్కడుంది, రీడింగెంత, ఒకసారి బల్బు పెట్టి చూపించండి అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. అడగనివాడికి టేపు చుట్టి ఇస్తారు.

కోరిక అనే శీర్షిక కింద రెండే రాస్తున్నాను. ఒకటి, మనిషికి కూడా ఒక మాన్యువల్ రాయించాలి; మొదటి పేజీలో, ఎర్తు లేని ఇంట్లో ఇతణ్ణి గీజరు వద్దకు పంపరాదు అని ఉండాలి. రెండోది స్థానికం. మీటర్ల గదిలో మిగతా ఫ్లాట్ల ఆకుపచ్చ వైర్లు ఇంకా అలాగే టేపులతో వేలాడుతున్నాయి. రాగి బద్దలో చోటుంది, గొయ్యి తవ్వే ఉంది, ఖర్చు తలా కాస్త వేసుకుంటే ఒక్క ఆదివారం పని అని మొన్నటి మీటింగులో ప్రతిపాదించాను. మూడో అంతస్తు పెద్దమనిషి శాంతంగా విని, తమ వాటా డబ్బు ఇవ్వడానికి అభ్యంతరం చెప్పారు. మినిట్స్‌లో కారణం కూడా నమోదు చేయించారు: వాళ్ళింట్లో రాక్ లేదట, ఉన్నది మనుషులేనట.